ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోన్లు: తలకు కుదిరితేనే చెవికి కుదురుతాయి

కప్పు వెనుకవైపు తెరిచి ఉండే ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోన్లు కొన్నవారి నుంచి తరచుగా వినిపించే ఫిర్యాదులు రెండు. "బేస్ లేదు" (కింది స్వరాల గుమ్ము లేదు) అనేది ఒకటి. "గంటసేపు పెట్టుకుంటే కణతలు నొప్పి పుడుతున్నాయి" అనేది రెండోది. వీటిని వేర్వేరు సమస్యలుగా భావించి మొదటిదానికి యాంప్లిఫైయర్, రెండోదానికి ఏకంగా మరో హెడ్‌ఫోన్ వెతకడం మొదలుపెడతారు. డబ్బు ఖర్చు చేసే ముందు చూడవలసిన చోటు మరొకటి ఉంది. అది చెవి చుట్టూ ప్యాడ్ కూర్చునే తీరు. ప్యాడ్ ఎంత గట్టిగా నొక్కుతోంది, ఎక్కడ ఖాళీ వదులుతోంది, చెవిని డ్రైవరుకు (కప్పులో ధ్వని పుట్టించే చిన్న స్పీకరుకు) ఎంత దూరంలో ఉంచుతోంది అన్న మూడు విషయాల మీదే సుఖమూ ఆధారపడుతుంది, ధ్వనీ ఆధారపడుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో వరుస ముఖ్యం. ముందు పట్టు, తరువాత ప్యాడ్లు, ఆ తరువాత శుభ్రత, చివరికి ఈక్వలైజర్ (స్వరాలను విడివిడిగా పెంచి తగ్గించే సాఫ్ట్‌వేర్). ఈ వరుస తిరగేస్తే చేసిన పనే మళ్లీ చేయవలసి వస్తుంది. ఈక్వలైజర్ సరిచేసుకున్నాక ప్యాడ్లు మారిస్తే, ఆ లెక్కలన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

నేను విజయనగరంలో ఉంటాను. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఉన్న ఊరిది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాలుగా, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ అధ్యాపకుడిగా, ఆపై ప్రిన్సిపాలుగా పనిచేసిన చోటు. ఘంటసాల, పి. సుశీల అక్కడే చదువుకున్నారు. ఇలాంటి ఊళ్లో గాత్రం, వయొలిన్, వీణ వినేవారికి ఓపెన్-బ్యాక్ ఎందుకు నచ్చుతుందో వివరించడం తేలిక. మామూలు హెడ్‌ఫోన్ కప్పు వెనుకవైపు మూసి ఉంటుంది. డ్రైవరు వెనుక నుంచి వచ్చే ధ్వని ఆ డొల్లలో తిరిగి గాత్రానికి ఒక మూత పెట్టినట్టు చేస్తుంది. ఓపెన్-బ్యాక్‌లో కప్పు వెనుక జాలీ మాత్రమే ఉంటుంది కాబట్టి ఆ ధ్వని బయటికి వెళ్లిపోతుంది. పాట తలలో ఇరుక్కున్నట్టు కాక ఎదుట ఎవరో పాడుతున్నట్టు వినిపిస్తుంది. 1968లో సెన్‌హైజర్ తెచ్చిన హెచ్‌డీ 414తో మొదలైన ఈ పద్ధతి, నేటికీ ఇంట్లో కూర్చుని శ్రద్ధగా వినేవారి తొలి ఎంపికగానే ఉంది.

దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది. లోపలి పాట పక్కవారికి వినిపిస్తుంది, బయటి చప్పుడు మీకు వినిపిస్తుంది. బస్సులో, రైల్లో, పిల్లవాడు నిద్రపోతున్న గదిలో ఇవి పనికిరావు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే తక్కినదంతా మన చేతిలోనే ఉంటుంది.

మొదలుపెట్టే ముందు: కొలమానం పెట్టుకోండి

ఏ మార్పు చేసినా అది మేలు చేసిందా, కీడు చేసిందా అన్నది తెలియాలంటే ముందు రెండు మూడు రికార్డింగులు ఎంచుకోవాలి. అవి మీకు కంఠతా వచ్చినవై ఉండాలి.

ఒకటి, పాత మోనో రికార్డింగు. 1950ల నాటి ఘంటసాల పాట గానీ, ద్వారం వారి వయొలిన్ గానీ సరిపోతుంది. మోనో అంటే రెండు చెవులకూ వెళ్లే ధ్వని ఒక్కటే. కాబట్టి గొంతు సరిగ్గా ముక్కు మీదుగా, నుదుటి నడుమ నిలబడాలి. కుడికో ఎడమకో ఒరిగితే ఒక ప్యాడ్ సరిగా కూర్చోలేదనో, ఒక డ్రైవరు ముందు దుమ్ము చేరిందనో అర్థం. పాత రికార్డింగులు ఇంత నిక్కచ్చిగా పరీక్ష పెడతాయని చాలామందికి తట్టదు.

రెండు, మృదంగం తొప్పి స్పష్టంగా వినిపించే కచేరీ. ఎడమవైపు మూత నుంచి వచ్చే ఆ గుమ్మనే నాదం బేస్ ఎంత దిగుతోందో చెబుతుంది. మూడు, తంబుర శ్రుతి. మార్పు లేకుండా సాగే శ్రుతిలో ఏ చిన్న జీర ఉన్నా, ఏ వైపు తగ్గినా వెంటనే పట్టుబడుతుంది.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ప్రతి మార్పు తరువాత ఇవే రికార్డింగులు, ఇదే వాల్యూములో వినండి. కాస్త ఎక్కువ వాల్యూములో ఏదైనా బాగున్నట్టే అనిపిస్తుంది, అది మన చెవి స్వభావం.

పట్టు సరిచేయడం

కొత్త హెడ్‌ఫోన్లు కొత్త చెప్పుల్లాగే కొన్నాళ్లు కరుస్తాయి. ముఖ్యంగా సెన్‌హైజర్ హెచ్‌డీ 600, హెచ్‌డీ 650 కొత్తగా ఉన్నప్పుడు బాగా గట్టిగా పట్టుకుంటాయని పేరు. ప్యాడ్లు కాస్త అణిగాక, లోహపు పట్టీ కాస్త సాగాక పట్టు దానంతటదే తగ్గుతుంది. కాబట్టి మొదటి రెండు మూడు వారాలు తొందరపడకపోవడమే మంచిది.

అప్పటికీ నొప్పి తగ్గకపోతే పుస్తకాల పద్ధతి ప్రయత్నించండి. మీ తల వెడల్పు కంటే ఒక అంగుళం మించకుండా పుస్తకాలు పేర్చి, రాత్రంతా హెడ్‌ఫోన్ వాటికి తొడిగి ఉంచండి. ప్యాడ్ల నడిమి భాగం పుస్తకాలకు ఆనాలి. ఉదయం పెట్టుకుని చూడండి. చాలకపోతే మర్నాడు మళ్లీ చేయండి. ఒక్కసారే మరీ వెడల్పుగా సాగదీస్తే వదులైన పట్టును వెనక్కి తేవడం కష్టం.

హెచ్‌డీ 600 తరహా హెడ్‌ఫోన్లకు ఇంకో దారి ఉంది. రెండువైపులా కప్పులను పూర్తిగా కిందికి లాగితే పట్టీ నుంచి సన్నని ఉక్కు రేకు బయటపడుతుంది. ఆ రేకును బొటనవేళ్లతో పట్టుకుని కొద్దికొద్దిగా బయటికి వంచాలి. వంచేది రేకును మాత్రమే. ప్లాస్టిక్ భాగాన్ని పట్టుకుని వంచితే అక్కడే పగులుతుంది. ఉక్కు కాస్త మొండిగా ఉంటుంది, వదిలిన వెంటనే సగం వెనక్కి వస్తుంది. అది సహజమే. రెండువైపులా సమానంగా వంచారో లేదో బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుని చూస్తే తెలిసిపోతుంది. పట్టీ మొత్తం ప్లాస్టిక్‌తోనే ఉన్న మోడళ్ల మీద ఈ ప్రయోగం వద్దు.

ఎంత వదులు చాలు? తల వంచి బూటు లేసు కట్టుకున్నప్పుడు జారకూడదు, నవ్వినప్పుడు దవడ కింద గాలి చొరబడకూడదు. ఆ రెండూ నెరవేరితే చాలు, అంతకంటే వదులు చేయవద్దు. ప్యాడ్ చర్మానికి ఆనని చోటల్లా బేస్ కారిపోతుంది. చెవి కింద, దవడ ఎముక వెనుక ఉండే గుంత దగ్గర ఈ ఖాళీ ఎక్కువగా ఏర్పడుతుంది. పాట వింటూ రెండు కప్పులనూ అరచేతులతో నెమ్మదిగా లోపలికి నొక్కి చూడండి. బేస్ ఒక్కసారిగా పెరిగితే ప్యాడ్ సరిగా ఆనడం లేదన్నమాట. కొత్త యాంప్లిఫైయర్ కొన్నా ఆ లోటు తీరదు.

మాడు మీద బరువు

హెచ్‌డీ 600 బరువు 260 గ్రాములు, ఏకేజీ కే702 సుమారు 235 గ్రాములు. ఇవి తేలికైనవే. ప్లేనార్ రకాలు (వెడల్పాటి పలచని పొర, అయస్కాంతాల వరుసలు ఉండేవి) అలా కాదు. హైఫైమ్యాన్ సుందర 372 గ్రాములు, ఆడీజీ ఎల్‌సీడీ-2 అయితే 600 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. ఇంత బరువు మాడు మీద ఒక్క చోట పడితే అరగంటకే అక్కడ మంట పుడుతుంది.

పట్టీని ఒక గడి పొడవు పెంచి చూడండి. అప్పుడు బరువులో కొంత కణతల పక్క పట్టు మోస్తుంది, మాడు మీద భారం తగ్గుతుంది. పట్టీని కాస్త ముందుకో వెనక్కో జరిపినా తేడా తెలుస్తుంది. ఏకేజీ కే701 పట్టీ అడుగున వరుసగా గుబ్బలు ఉంటాయి, చాలామందికి అవి తలలో గుచ్చుకుంటాయి. గుబ్బల మధ్య పల్లాలను స్పాంజి ముక్కలతో నింపి, పైన మెత్తని గుడ్డ చుట్టి కుట్టిస్తే ఒత్తిడి అంతటా పరచుకుంటుంది. జిప్పు ఉన్న రెడీమేడ్ తొడుగులు కూడా దొరుకుతాయి. అయితే మందపాటి తొడుగు వేస్తే కప్పులు ఆ మేరకు పైకి లేస్తాయి. తొడుగు వేశాక పట్టీ పొడవు మళ్లీ సరిచేసుకోవడం మరవవద్దు. చెవి రంధ్రం డ్రైవరు నడుమకు ఎదురుగా ఉండాలి.

జడ వేసుకునేవారికి, కొప్పు పెట్టుకునేవారికి ఒక మాట. పట్టీ ముడి మీద ఎక్కితే కప్పులు కింది వైపు తెరుచుకుంటాయి. ముడిని కిందికి దించి, పట్టీని దానికి ముందు ఉంచితే సమస్య పోతుంది.

ప్యాడ్లు: అసలు పనంతా ఇక్కడే

ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోన్‌లో త్వరగా అరిగేది ప్యాడ్. ధ్వనిని ఎక్కువగా మార్చేదీ అదే. లోపలి స్పాంజి అణిగేకొద్దీ చెవి డ్రైవరుకు దగ్గరవుతుంది. చివరికి చెవి డిప్ప లోపలి గుడ్డకు తగిలి రాసుకుంటుంది. ఈ మార్పు నెలల తరబడి నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి వినేవారికి తెలియదు. "ఈ మధ్య గొంతులు కాస్త మసకగా ఉన్నాయి" అనిపిస్తే ముందు ప్యాడ్ మందం చూడండి. వేలితో నొక్కి వదిలితే వెంటనే పైకి లేవాలి. లేవకుండా పల్లంగానే ఉండిపోతే దాని ఆయుష్షు తీరినట్టే.

మార్చే పద్ధతి మోడల్‌ను బట్టి ఉంటుంది. హెచ్‌డీ 600 ప్యాడ్‌ను అంచు దగ్గర పట్టుకుని నిటారుగా లాగితే ప్లాస్టిక్ పళ్లు టకటకమని ఊడి వస్తాయి. పెట్టేటప్పుడు చుట్టూ ఒక్కో చోట నొక్కుతూ వెళ్లాలి. ప్రతి పన్నూ పడిన చప్పుడు వినిపించాలి, ఒక్కటి పడకపోయినా ఆ వైపు బేస్ పలచబడుతుంది. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్యాడ్ వెనుక గుడ్డ పెదవి ఒకటి ఉంటుంది, దాన్ని కప్పు అంచు చుట్టూ ఉన్న గాడిలోకి దిండు గలీబు తొడిగినట్టుగా కాస్త కాస్త ఎక్కించాలి. కే702 ప్యాడ్‌ను తిప్పి తీయాలి. ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ9500 ప్యాడ్లు మార్చడానికి వీలుగా చేసినవి కావు, వాటిని పీకే ప్రయత్నం చేయవద్దు. ముందు భాగం పలచగా, వెనుక భాగం మందంగా ఉండే ప్యాడ్లు కొన్ని ఉంటాయి. మందమైన వైపు చెవి వెనక్కి రావాలి. కుడి ఎడమలు తారుమారైతే డ్రైవరు కోణమే తప్పుతుంది.

ఏ రకం ప్యాడ్ కొనాలన్నది ఇంకో ప్రశ్న. ముఖమల్‌లాంటి వెలూర్ గాలిని కాస్త వదులుతుంది. అందువల్ల చెమట తక్కువ, బేస్ కూడా కొంచెం తక్కువ. రెక్సిన్ తరహా తోలు గాలిని బంధిస్తుంది, బేస్ నిండుగా ఉంటుంది, అయితే మే నెలలో మన తీరప్రాంతపు ఉక్కలో పది నిమిషాలు కూడా భరించలేము. పైగా లోపలి గోడ నున్నగా ఉండటంతో ట్రెబుల్ (సన్నని పై స్వరాలు) అటూ ఇటూ తగిలి కొన్ని చోట్ల గుచ్చుకుంటుంది. చెవికి ఆనే ముఖం వెలూర్‌తో, బయటి గోడ తోలుతో చేసిన మిశ్రమ ప్యాడ్లు మన వాతావరణానికి అన్నిటికంటే నప్పుతాయని నా అభిప్రాయం. మెమరీ ఫోమ్ గట్టి పట్టున్న హెడ్‌ఫోన్లకు హాయిగా ఉంటుంది, వదులు పట్టున్నవాటికి మామూలు స్పాంజే మేలు.

కృత్రిమ తోలు ప్యాడ్లను ముందే కొని దాచుకోవద్దు. వాటి పైపొర పాలీయురెథేన్. గాలిలోని తేమ ఆ పొరను నెమ్మదిగా విరగ్గొడుతుంది. శ్రీకాకుళం, విజయనగరం లాంటి చోట్ల వాడకుండా డబ్బాలో ఉంచినవి కూడా కొన్నేళ్లకు పొలుసులుగా రాలిపోతాయి.

వేరే కంపెనీ ప్యాడ్ వేస్తే ధ్వని మారుతుందన్నది గుర్తుంచుకోండి. రెండు మిల్లీమీటర్ల మందం తేడా కూడా వినిపిస్తుంది. తయారీదారు కోరుకున్న స్వరమే మీకు ఇష్టమైతే అసలు ప్యాడే కొనడం దీర్ఘకాలంలో చౌక.

కళ్లజోడు పెట్టుకునేవారికి మెత్తని వెలూర్ తప్ప వేరే దారి లేదు. తోలు ప్యాడ్ కళ్లజోడు కాడ దగ్గర లేచి నిలబడుతుంది, దాని పైనా కిందా సొరంగంలా ఖాళీ మిగులుతుంది. సన్నని లోహపు కాడలు ఉన్న పాత జోడును వినడానికి ప్రత్యేకంగా పెట్టుకుంటే నొప్పీ తగ్గుతుంది, బేసూ మిగులుతుంది. దుద్దులు చిన్నవైతే పర్వాలేదు, శీల వెనక్కి పొడుచుకుని వస్తే మాత్రం తీసేయండి. జూకాలు జాలీకి తగిలి గలగలమంటాయి.

చెమటకూ నూనెకూ గుడ్డ తొడుగు

మన ఇళ్లలో ప్యాడ్లను పాడుచేసేవి రెండు: చెమట, కొబ్బరినూనె. నూనె వెలూర్ నూగును అతికించి గట్టిపరుస్తుంది, తోలును ఉబ్బించి పగలగొడుతుంది. తలకు నూనె రాసుకున్న రోజు వినకుండా ఉండమని చెప్పడం సులువే, పాటించేవారు అరుదు. అందుకే ఉతికి వాడుకునే తొడుగు కుట్టించుకోవడం మేలు.

దీనికి గుడ్డ ఎంపికే ప్రాణం. శ్రీకాకుళం జిల్లా పొందూరు సన్న ఖద్దరు ఉతికి ఉతికి మెత్తబడ్డాక దీనికి ఎంత బాగా పనికొస్తుందో చెప్పలేను. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికిన నూలు అది. నేత పలచగా ఉండి గాలి ధారాళంగా ఆడుతుంది, చెమటను పీల్చుకుంటుంది. కొత్తది కొని కత్తిరించనక్కర లేదు. పాత పంచెలోనో చీరలోనో చిరగని ముక్క ఉంటే చాలు. అది లేకపోతే ఏ పలచని నూలు గుడ్డ అయినా సరే. పరీక్ష ఇది: గుడ్డను పెదవులకు ఆనించి ఊదితే అడ్డు తగలకుండా గాలి పోవాలి. టీ-షర్టు గుడ్డ, బనీను గుడ్డ ఈ పరీక్షలో సాధారణంగా ఓడిపోతాయి. అవి వయొలిన్ కమాను రాపిడిని, 'స' అక్షరపు సన్నని అంచును మింగేస్తాయి.

ప్యాడ్ బయటి వ్యాసం కొలవండి. దానికి ప్యాడ్ మందానికి రెట్టింపు, మరో మూడు సెంటీమీటర్లు కలిపిన వ్యాసంతో గుడ్డను గుండ్రంగా కత్తిరించండి. ప్యాడ్ 10 సెంటీమీటర్లు, మందం 2 సెంటీమీటర్లు అయితే గుడ్డ 17 సెంటీమీటర్లు. అంచు మడిచి లోపల సన్నని ఎలాస్టిక్ పోయించాలి. రవికలు కుట్టే ఏ టైలరైనా అరగంటలో కుట్టి ఇస్తారు. తొడిగాక చెవి రంధ్రానికి ఎదురుగా గుడ్డ ఒక్క పొరే, ముడత లేకుండా బిగువుగా ఉండాలి. ఇప్పుడు అదే వయొలిన్ మళ్లీ వినండి. కమాను రాపిడి మొద్దుబారితే చెవికి ఎదురుగా ఉన్న గుడ్డను గుండ్రంగా కత్తిరించి, ఆ అంచునూ మడిచి కుట్టించండి. వారానికొకసారి ఉతికితే చాలు, ప్యాడ్ల ఆయుష్షు ఎంతో పెరుగుతుంది.

వెలూర్ ప్యాడ్లను కూడా ఉతకవచ్చు. గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా ద్రవ సబ్బు వేసి, పిండకుండా నొక్కుతూ కడిగి, తువ్వాలులో చుట్టి నీరు లాగి, ఫ్యాను కింద నీడలో ఆరబెట్టాలి. వానాకాలంలో లోపలి స్పాంజి ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. తడి మిగిలినది తొడిగితే ముక్క వాసన వస్తుంది, డ్రైవరుకూ మంచిది కాదు. తోలు ప్యాడ్లకు తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తితే చాలు. స్పిరిట్ వాడవద్దు.

ఒకవైపు జీర వస్తుంటే

శ్రుతి వింటున్నప్పుడు ఒకవైపు సన్నగా జుర్రుమంటోందా? డ్రైవరు చెడిపోయిందని భయపడకండి. చాలాసార్లు అది ఒక్క వెంట్రుక. జాలీలోంచి దూరి దాని కొస డయాఫ్రం మీద (డ్రైవరులో కదిలి ధ్వని పుట్టించే పలచని పొర మీద) ఆనుతుంది. డయాఫ్రం కదిలిన ప్రతిసారీ ఆ కొస తగిలి జీర పుట్టిస్తుంది. బేస్ స్వరాల్లోనే ఇది బయటపడుతుంది, ఎందుకంటే అప్పుడే డయాఫ్రం ఎక్కువ దూరం కదులుతుంది.

ప్యాడ్ తీయండి. వెనుక ఉన్న పలచని స్పాంజి బిళ్లను జాగ్రత్తగా పక్కన పెట్టండి. ఫోను టార్చిని పక్కవాటుగా, దాదాపు జాలీకి సమాంతరంగా పట్టుకుంటే నిలబడి ఉన్న వెంట్రుక నీడతో సహా కనిపిస్తుంది. ఉక్కు చిమటా వాడవద్దు. డ్రైవరు అయస్కాంతం దాన్ని ఒక్క లాగు లాగి డయాఫ్రంలో గుచ్చుతుంది. ప్లాస్టిక్ చిమటా వాడండి, లేదా సెల్లో టేపు కొసను మడిచి జిగురు వైపు వెంట్రుకకు తాకించి ఎత్తండి. నోటితో ఊదకూడదు, వాక్యూమ్ క్లీనర్ దగ్గరికి రానివ్వకూడదు. రెండూ డయాఫ్రాన్ని ముడతలు పెట్టగలవు.

స్పాంజి బిళ్ల పొడిపొడిగా రాలుతుంటే కొత్తది వేయండి. "అది తీసేస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది" అనే సలహా వినిపిస్తుంటుంది. ఆ బిళ్ల ట్రెబుల్ పదును తగ్గించడానికి పెట్టినదే, దుమ్మునూ ఆపుతుంది. ఉంచడమే మంచిది.

మోనో పాట నడుమ నుంచి జరిగిందనుకోండి, హెడ్‌ఫోన్‌ను వెనక్కి తిప్పి, ఎడమ కప్పు కుడి చెవికి వచ్చేలా పెట్టుకోండి. గొంతు కూడా రెండోవైపుకు మారితే లోపం హెడ్‌ఫోన్‌దో, దానికి ధ్వని పంపే పరికరానిదో. మారకుండా అదే వైపున ఉంటే కారణం మీ చెవిలోనే, బహుశా గుబిలి. చెవి వైద్యుడికి చూపించుకోండి. తేమ ఎక్కువ ఉన్న ఊళ్లలో జాక్ మీద పలచని పొర పట్టి కూడా ఒకవైపు తగ్గుతుంది. జాక్‌ను సాకెట్‌లో ఉంచి పదిసార్లు గుండ్రంగా తిప్పితే తరచుగా సరిపోతుంది.

యాంప్లిఫైయర్ నిజంగా కావాలా?

లెక్క చూద్దాం. కరెంటుకు హెడ్‌ఫోన్ ఇచ్చే అడ్డును ఇంపెడెన్స్ అంటారు, దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. ఫోనుకు తగిలించే మామూలు డాంగిల్ (హెడ్‌ఫోన్ జాక్ ఉన్న చిన్న తీగ) ఒకటి 1 వోల్టు ఇస్తుందనుకుందాం. 32 ఓమ్‌ల ఎస్‌హెచ్‌పీ9500కు అది సుమారు 31 మిల్లీవాట్లు అవుతుంది. 300 ఓమ్‌ల హెచ్‌డీ 600కు 3.3 మిల్లీవాట్లే. అందుకే 250, 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్లు ఫోనుతో నీరసంగా వినిపిస్తాయి. వాటికి వోల్టేజి కావాలి. వాల్యూము మూడొంతుల దగ్గరే మీకు చాలినంత వినిపిస్తే యాంప్లిఫైయర్ అవసరం లేదు. చివరిదాకా తిప్పినా నెమ్మదిగా రికార్డయిన వీణ కచేరీ చాలడం లేదంటే అవసరమే.

కొనేటప్పుడు ఒక అంకె చూడండి. యాంప్లిఫైయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (దానికి సొంతంగా ఉండే అడ్డు) మీ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకూడదు. మించితే డైనమిక్ డ్రైవర్లలో (తీగచుట్ట కదిలి పనిచేసే మామూలు రకంలో) బేస్ పైభాగం ఉబ్బుతుంది. ప్లేనార్ హెడ్‌ఫోన్ల మీద ఈ ప్రభావం దాదాపు ఉండదు.

సీలింగు ఫ్యాను

ఓపెన్-బ్యాక్‌కు మన ఇళ్లలో పెద్ద శత్రువు ఇదే. ఫ్యాను గాలి కప్పు జాలీ మీద నేరుగా పడితే హోరు పుడుతుంది, పైగా దాని గుయ్ శబ్దం మృదంగం ఉండే చోటనే ఉంటుంది. కుర్చీని ఫ్యాను కింద నుంచి గోడ వైపుకు జరపండి. టేబుల్ ఫ్యానును ఎదురుగా, నడుము ఎత్తులో పెట్టి గాలి ఛాతీకి తగిలేలా చూసుకోండి. దీనికి ఖర్చేమీ లేదు, లాభం మాత్రం వేల రూపాయల యాంప్లిఫైయర్ కంటే ఎక్కువ.

ఈక్వలైజర్

ప్యాడ్లు, పట్టు, గది కుదిరాక ఇప్పుడు దీన్ని ముట్టుకోండి. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ, దాన్ని తేలికగా నడిపించే పీస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ ఉంది, అందులో వేలాది హెడ్‌ఫోన్లకు కొలతల ఆధారంగా తయారైన సవరణలు ముందే ఉంటాయి. మీ మోడల్ ఎంచుకుంటే మంచి ఆరంభం దొరుకుతుంది.

చేత్తో చేసుకోవాలంటే బేస్‌తో మొదలుపెట్టండి. 105 హెర్ట్జ్ దగ్గర లో-షెల్ఫ్ ఫిల్టరు (ఆ అంకెకు కింద ఉన్నదంతా పెంచేది), క్యూ (ఆ మార్పు ఎంత నిటారుగా ఉండాలో చెప్పే అంకె) 0.7, 4 డెసిబెల్స్ పైకి. ఎంత పెంచారో అంత ప్రీయాంప్‌ను (మొత్తం ధ్వని స్థాయిని) తగ్గించాలి, ఇక్కడ మైనస్ 4. తగ్గించకపోతే తొప్పి దెబ్బ పడినప్పుడల్లా ధ్వని చిట్లుతుంది. డైనమిక్ ఓపెన్-బ్యాక్‌లలో లోతు బేస్ తగ్గడం సహజం, ఎందుకంటే కప్పు వెనుక నుంచి వచ్చే తరంగం ముందు తరంగాన్ని కొంత రద్దు చేస్తుంది. 6 డెసిబెల్స్ దాటి పెంచితే చిన్న డ్రైవరు శ్రమపడటం వినిపిస్తుంది. అక్కడితో ఆగండి.

తరువాత ట్రెబుల్. డీటీ 990లో 8 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఒక శిఖరం ఉంది, గాయని 'స', 'ష' పలికినప్పుడు అది చెవిలో గుచ్చుతుంది. అక్కడ 4 నుంచి 5 డెసిబెల్స్ తగ్గించి చూడండి. అయితే శిఖరం సరిగ్గా ఎక్కడుందో మీ చెవి నిర్మాణాన్ని బట్టి కొంత జరుగుతుంది. టోన్ జనరేటర్ యాప్ తెరిచి, వాల్యూము బాగా తగ్గించి, 5 నుంచి 10 కిలోహెర్ట్జ్ వరకు నెమ్మదిగా జరపండి. ఒక్కచోట స్వరం హఠాత్తుగా పెద్దదవుతుంది. ఫిల్టరు ఆ అంకె మీద పెట్టండి. ఈ పని ఓపికగా చేసుకున్నవారికి గుచ్చుడు పోతుంది, వెలుగు మిగులుతుంది.

పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డుల కోసం వేరే సెట్టింగు దాచుకోండి. వాటిలో 7 కిలోహెర్ట్జ్ పైన ఉండేది చాలా వరకు సుయ్‌మనే రొదే. హై-షెల్ఫ్‌తో దాన్ని 6 డెసిబెల్స్ తగ్గిస్తే ద్వారం వారి కమాను ముందుకొస్తుంది.

వాల్యూము, వానాకాలం

ఓపెన్-బ్యాక్‌తో ప్రమాదం ఎక్కడంటే, ఫ్యాను, వీధి చప్పుడు లోపలికి వస్తుంటే తెలియకుండానే వాల్యూము పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి సూచించిన పరిమితి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్ పెంపుకు ఆ సమయం సగానికి తగ్గుతుంది. 89 డెసిబెల్స్ అయితే వారానికి 5 గంటలే. హెడ్‌ఫోన్ తీయగానే చెవిలో గుయ్‌మంటే ఆ పూట పరిమితి దాటినట్టే.

వానాకాలంలో వాడిన వెంటనే డబ్బాలో పెట్టవద్దు. చెమట ఆరేదాకా అరగంట బయట ఉంచి, గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో రంగు మారే సిలికా జెల్ సంచులతో పాటు పెట్టండి. రంగు మారితే పెనం మీద సన్నని మంటపై గింజలను వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. ఆ పెనం వంటకు వాడనిదై ఉండాలి. గోడ మేకుకు వేలాడదీస్తే పట్టీ స్పాంజిలో గాడి పడి, అదే మళ్లీ మాడు మీద నొక్కుతుంది. పడుకోబెట్టేటప్పుడు ప్యాడ్లు ఒకదాన్నొకటి అణచకుండా మధ్యలో మడిచిన తువ్వాలు ఉంచండి.